పాత సియెర్రా అద్దాలు మొరాయిస్తే: మోటారు మార్చేముందు

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ. మీ నాయన 1995లో కొన్న టాటా సియెర్రా, ఏపీ 03 నంబరు. బటన్ నొక్కితే కుడి వైపు తలుపు అద్దం బొత్తిగా కదలదు. ఎడమ వైపుది దిగుతుంది గానీ ఎక్కేటప్పుడు సగంలో ఆగిపోతుంది, కాసేపు ఆగి నొక్కితే ఇంకో జానెడు ఎక్కుతుంది. తిరుపతిలో చూపిస్తే రెండు మోటార్లూ పోయినాయి, ఒరిజినల్ దొరకదు, మిషన్‌తో (తలుపులో అద్దాన్ని ఎత్తి దించే ఇనుప సరంజామా) సహా పీకేసి, బజార్లో విడిగా దొరికే పవర్ విండో కిట్టు, అదే మార్కెట్ కిట్టు, వేయించుకో అన్నారు. వేయించుకోవాలా వద్దా అని.

వద్దు. ఇప్పుడే వద్దు. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే కుడి వైపు మోటారుకు అసలు కరెంటే పోవడం లేదని, ఎడమ వైపు మోటారు బాగానే ఉండి అద్దం బిగుసుకుందని నా అనుమానం. రెండూ వేరే వేరే జబ్బులు. రెండింటికీ ఒకే మందు చెప్పినారంటే తలుపు విప్పి చూడలేదన్నమాటే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, అద్దం దగ్గర ఏ లోపమొచ్చినా మోటారు మీదే పడుతుంది మన ఊళ్ళో.

నేను 1988లో చిత్తూరులో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపులో డైనమోలు కడుగుతా పనిలో చేరినాను. అంబాసిడర్, పద్మిని, మారుతీ 800, అన్నిటికీ చేత్తో తిప్పే హ్యాండిలే అప్పుడు. 1991లో సియెర్రా వచ్చినాక మా షాపుకు ఒకటి హెడ్‌లైటు పనికి వస్తే, బటన్ నొక్కితే అద్దం దిగడం చూడ్డానికి వీధిలో పిల్లకాయలంతా గుమిగూడినారు. ఓనరు నాలుగుసార్లు దించి ఎక్కించి చూపించినాడు పాపం. ఇప్పుడు 2025లో అదే పేరుతో కొత్త బండి వచ్చినాక పాత సియెర్రాలను మళ్ళీ బయటికి తీస్తున్నారు, అందుకే ఈ అద్దాల గోల కూడా ఎక్కువైంది.

సియెర్రాతో ఉన్న చిక్కేమంటే దానికి రెండే తలుపులు. వెనక పక్కల ఉండే ఆ పెద్ద అద్దాలు, పైకప్పు దాకా వంపు తిరిగినవి, చూడ్డానికి బాగుంటాయి గానీ తెరుచుకోవు. ముందు రెండూ దిగకపోతే బండంతా గాజు పెట్టె. మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డులో ఏసీ పనిచేయని సియెర్రాలో కూర్చున్నోడికి తెలుస్తుంది ఆ బాధ. పైగా తలుపు పొడుగు, అద్దం పెద్దది, మోటారుకు మోత ఎక్కువ.

మొదట ఒక పని చెయ్యి. దీనికి మీటరూ అక్కర్లేదు, స్క్రూడ్రైవరూ అక్కర్లేదు. చీకటి పడినాక బండిని ఇంటి ముందు పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పు. లోపలి లైటు వేసుకో. ఆ లైటు వైపు చూస్తా కుడి అద్దం స్విచ్ నొక్కు. లైటు కొంచెం మందగించిందనుకో, కరెంటు మోటారు దాకా పోతోంది, మోటారో మిషనో పట్టేసింది. లైటు ఏమాత్రం చలించలేదనుకో, కరెంటు మధ్యలోనే ఎక్కడో ఆగిపోయింది. అప్పుడు మోటారును తిట్టడం దండగ. ఎడమ వైపు కూడా అట్లే చూడు. అది సగంలో ఆగినప్పుడు లైటు బాగా డల్ అవుతుందని నేను పందెం కాస్తాను.

కరెంటు సంగతి ముందు చూద్దాం. ఫ్యూజు చూసినామన్నావు. తీసి చూసినారా, ఊరికే తొంగి చూసినారా? మా చంద్రగిరి పక్క ఒకాయన దగ్గర పాత మెర్సిడెస్ ఉంది, 1995 నుంచి పూణేలో తయారైన డబ్ల్యూ124. దాంట్లో ఫ్యూజులు ఇప్పటి బ్లేడు రకం కావు. రెండు కొసలూ మొనదేలి, పైన సన్నటి రేకు ఉండే పొట్టి కడ్డీలు. తెల్లది 8 ఆంపియర్లు, ఎర్రది 16, నీలం 25. నాలుగు అద్దాలూ ఒకేసారి ఆగిపోయినాయని పిలిపించినాడు. చూస్తే ఫ్యూజు రేకు తెగలేదు. కొసలు మాత్రం తెల్లగా బూజు పట్టినట్టున్నాయి, పట్టుకునే క్లిప్పు కూడా అంతే. వేలితో ఫ్యూజును అక్కడికక్కడే నాలుగు తిప్పులు తిప్పినాను, అద్దాలు లేచినాయి. ఆయన ఫీజెంత అంటే ఏం చెప్పాలో తెలియలేదు, కాఫీ తాగి వచ్చేసినాను. కాబట్టి ఫ్యూజు తెగిందా లేదా అని కాదు, తీసి కొసలు, క్లిప్పులు శుభ్రం చేసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టినావా అన్నది లెక్క. బ్యాటరీ కొత్తదే, మన కరకంబాడిలో తయారైనదే అన్నావు కాబట్టి దాని జోలికి పోను.

తర్వాత స్విచ్. రెండు వైపులా ఒకే రకం స్విచ్ ఉంటే అటుది ఇటు పెట్టి చూడటమే అన్నిటికంటే సులువైన పరీక్ష. అద్దం స్విచ్ పాతబడితే లోపలి రాగి పట్టీలు నల్లగా మాడిపోతాయి. నొక్కిన ప్రతిసారీ అక్కడ చిన్న నిప్పురవ్వ పుడుతుంది, 30 ఏళ్ళ రవ్వలు కలిస్తే ఆ నలుపు. పైన మూత నాలుగు పక్కలా సన్నటి స్క్రూడ్రైవరుతో మెల్లగా ఎత్తి తీయొచ్చు. లోపల చిన్న స్ప్రింగులు, గోళీలు ఎగిరిపోతాయి, అందుకని పాలిథిన్ కవరు లోపల చేతులు పెట్టి విప్పు. నవ్వకు, నేను ఇప్పటికీ అట్లే విప్పుతాను. కాంటాక్టుల మీద 1000 నంబరు వాటర్ పేపరు రెండు రుద్దులు చాలు. ఆకురాయి పెట్టినావంటే పైన ఉండే సన్నటి వెండి పూత లేచిపోయి ఆరు నెలల్లో మళ్ళీ మాడుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా పొరపాటు పడే తావు. అద్దం మోటారుకు రెండే వైర్లు. హారన్‌కో లైటుకో ఉన్నట్టు ఒకటి ఎప్పుడూ ఎర్తు (బాడీకి, అంటే బ్యాటరీ మైనస్‌కు కలిసేది), ఒకటి ఎప్పుడూ కరెంటు అని ఉండదు. ఎక్కువ బండ్లలో స్విచ్ ముట్టుకోనప్పుడు రెండు వైర్లూ స్విచ్ లోపలి నుంచి ఎర్తుకు కలిసి ఉంటాయి. పైకి నొక్కితే ఒక వైరుకు 12 వోల్టులు వస్తాయి, రెండోది ఎర్తుగానే ఉంటుంది. కిందికి నొక్కితే అటుది ఇటు. అంటే ఎర్తు కూడా స్విచ్ గుండానే పోవాలి. పక్క సీటు తలుపుకు విడిగా స్విచ్ ఉంటే, దాని ఎర్తు డ్రైవర్ దగ్గరి స్విచ్ దాకా వచ్చి పోతుంది. డ్రైవర్ స్విచ్ చెడితే పక్క తలుపు అద్దం ఆగేది అందుకే.

ఇది తెలియక ఏం చేస్తారంటే, టెస్ట్ ల్యాంపు ఒక కొస బాడీకి తగిలించి ఇంకో కొస మోటారు వైరుకు పెడతారు. బల్బు వెలుగుతుంది. "కరెంటు వస్తోంది, మోటారే పోయింది" అంటారు. ఎర్తు వైపు తెగిపోయి ఉంటే ఈ పరీక్షకు తెలియనే తెలియదు. నేనే ఒకసారి పలమనేరు నుంచి వచ్చిన ఒకాయనకు ఇట్లా చెప్పి కొత్త మోటారు తెప్పించి వేసినాను. అదీ కదల్లేదు. మధ్యాహ్నం దాకా చెమటలు కారి, కడాకు చూస్తే స్విచ్‌లో ఎర్తు పట్టీ విరిగి ఉంది. ఆ మోటారు డబ్బులు నా చేతి నుంచే పోయినాయి. అప్పటి నుంచి బల్బును రెండు వైర్ల మధ్యనే పెడతాను, బాడీ ముట్టుకోను. బల్బు కూడా ఇండికేటర్‌ది, 21 వాట్లది వాడు. ఎల్‌ఈడీ టెస్టరైతే ఒక్క పోగు మిగిలిన వైరులోంచి వచ్చే కరెంటుకే వెలిగి మోసం చేస్తుంది.

కుడి వైపు స్విచ్ బాగుంటే, నీ దొంగ తలుపు కీలు దగ్గర దొరుకుతాడు. బాడీ నుంచి తలుపులోకి వైర్లు పోయే చోట నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది చూడు. డ్రైవర్ తలుపు రోజుకు పదిసార్లు తెరిచి మూసినా 30 ఏళ్ళకు లక్ష పైచిలుకు వంపులు. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. కనుక్కోవడానికి ఒక చేత్తో స్విచ్ పైకి నొక్కి పెట్టి, ఇంకో చేత్తో తలుపును మెల్లగా తెరుస్తా మూస్తా ఉండు. ఒక కోణంలో అద్దం ఉలిక్కిపడిందంటే దొరికినట్టే. అతుకు వేసేటప్పుడు వంపు తిరిగే చోట వేయొద్దు. తెగిన ముక్క అంతా తీసేసి, ఇటు బాడీ లోపల ఒక అతుకు, అటు తలుపు లోపల ఒక అతుకు, మధ్యలో కొత్త మెత్తటి ఆటో వైరు. సన్న పోగులు ఎక్కువుండేది అడుగు. ఇంటి వైరింగు వైరు వేస్తే ఏడాది కూడా నిలవదు, అది వంగడానికి పుట్టింది కాదు. సాల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ తొడుగు. చుట్టి టేపు వేస్తే మన ఎండకు జిగురు కారి టేపు జారిపోతుంది.

కుడి వైపు ఇంతటితో తేలుతుందని నా లెక్క. ఎడమ వైపుకు వద్దాం.

ఎక్కుతా ఎక్కుతా ఆగి, కాసేపటికి మళ్ళీ ఎక్కడం మోటారు రోగం కాదు, మోటారు తనను తాను కాపాడుకోవడం. ఎక్కువ మోటార్ల లోపల, తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కల, అంటే బ్రష్‌ల దగ్గర చిన్న కటౌట్ ఉంటుంది. మోటారు మోయలేక ఎక్కువ కరెంటు లాగితే అది వేడెక్కి దారి మూసేస్తుంది, చల్లబడితే తెరుస్తుంది. నా మారుతీ ఎస్టీమ్ కారుతో జరిగింది చెప్తాను. నవంబరులో చిత్తూరు నుంచి కొండకు పోతున్నాం. పిల్లలు వెనక సీట్లో దారంతా అద్దం దించడం, ఎక్కించడం, అదే ఆట. అలిపిరిలో చెకింగ్‌కు అద్దాలన్నీ దించినాం. బయల్దేరినాక ఎడమ వెనకది ఎక్కదు. రెండో ఘాట్ ఎక్కేసరికి చినుకులు. మా ఇంటామె తువ్వాలు అడ్డం పట్టుకుని కూర్చుంది, నన్ను అనాల్సినవన్నీ అంటా. కొండపైన బండి ఆపి, ఇంక తలుపు విప్పాలి అనుకుంటా ఊరికే నొక్కితే గమ్మున ఎక్కింది. అరగంటలో మోటారు చల్లబడింది, అంతే. ఆ పైవారం తలుపు విప్పితే మోటారుకు ఏమీ లేదు, అద్దం జారే రబ్బరు ఎండి చెక్కలా ఉంది.

నీదీ అదే అయ్యుండాలి. తేల్చుకోవాలంటే డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు అట్ట) విప్పి, మిషన్ అద్దాన్ని పట్టుకునే బోల్టులు తీసి, అద్దాన్ని చేత్తో పైకీ కిందికీ జరుపు. రెండు చేతుల్తో తేలిగ్గా, ఒకే బరువుతో కదలాలి. ఎక్కడైనా పట్టేసి, తోస్తే గీక్ మన్నదంటే రోగం అక్కడ. బోల్టులు తీసేముందు అద్దాన్ని పూర్తిగా పైకెత్తి, తలుపు ఫ్రేము మీదుగా అటు నుంచి ఇటు వెడల్పాటి టేపు రెండు పట్టీలు వేసెయ్యి. లేదంటే అద్దం తలుపు అడుగుకు పడిపోతుంది. మళ్ళీ సియెర్రా అద్దం ఎక్కడ వెతుకుతావు?

అద్దం జారే చానల్ రబ్బరులో మన దుమ్ము, వానల్లో తడిసి ఎండిన మట్టి, గట్టిగా పేరుకుని ఉంటాయి. పాత టూత్ బ్రష్, షాంపూ నీళ్ళు పెట్టి కడుగు. రెండు మూడు సార్లు నల్లటి నీళ్ళే వస్తాయి. పూర్తిగా ఆరినాక సిలికాన్ స్ప్రే. కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్, గ్రీజు ఏదీ వద్దు. మొదటి వారం అద్దం వెన్నలా జారుతుంది, తర్వాత దుమ్మంతా అతుక్కుని ఆకురాయి పేస్టు తయారవుతుంది. రబ్బరు కూడా ఉబ్బుతుంది. మొహానికి రాసుకునే పౌడరు చల్లేవాళ్ళు కూడా ఉన్నారు, మొదటి వానకు అది పిండి ముద్ద.

ఇంకొకటి, అద్దం అంచులు వేలితో తడిమి చూడు. 2012లో నల్ల ఫిల్మ్‌లు వద్దని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు రోడ్డు పక్కనే బ్లేడుతో గీకి పీకేసినారు చాలామంది. అంచుల్లో, చానల్ లోపల ఉండే భాగంలో సగం ఫిల్మూ జిగురూ అట్లే మిగిలిపోయినాయి. ఆ జిగురు ఎండలో మెత్తబడి చానల్‌కు అంటుకుంటుంది. నీ అద్దం మధ్యాహ్నం ఆగిపోయి పొద్దున బాగా ఎక్కుతుంటే నేరుగా దీన్ని అనుమానించు. మీ నాయనను అడుగు, ఫిల్మ్ ఉండేదేమో.

రబ్బరు చీలిపోయి ఉంటే కడిగి లాభం లేదు, మార్చాలి. సియెర్రాదే కావాలని పట్టు పట్టొద్దు. పాత రబ్బరు అడ్డంగా కోసిన ఒక అంగుళం ముక్క జేబులో పెట్టుకుని బీడింగ్ అమ్మే షాపుకు పో. కోత ఆకారం, అద్దం మందం సరిపోయే మీటరు లెక్క బీడింగ్ దొరుకుతుంది.

మిషన్ సంగతి. ఇది రెండు రకాలు. ఒకటి కత్తెర లాగా విచ్చుకునే ఇనుప చేతులు, ఒక చేతికి అర్ధచంద్రం ఆకారంలో పళ్ళు. రెండోది సన్నటి ఉక్కు తాడు కప్పీల మీద తిరిగేది. నీ తలుపులో ఇప్పుడు ఏది ఉందో విప్పితేగానీ చెప్పలేను, 30 ఏళ్ళలో మధ్యలో ఎవరు ఏం బిగించి ఉంటారో. తాడు రకమైతే చూడాల్సింది తక్కువే: తాడు పోగులు లేచినాయా, ప్లాస్టిక్ కప్పీ పగిలిందా, అంతే. పగిలితే టకటక శబ్దం ముందే చెప్తుంది.

కత్తెర రకమైతే మాత్రం ఇది జాగ్రత్తగా చదువు. దాంట్లో గడియారం స్ప్రింగు లాగా చుట్టిన గట్టి పట్టీ స్ప్రింగు ఉంటుంది, అద్దం బరువు సగం మోసేది అదే. ఆ స్ప్రింగును కదలకుండా ఆపి ఉంచేది మోటారు పళ్ళ చక్రం. మోటారు మూడు బోల్టులు విప్పి లాగిన క్షణంలో స్ప్రింగు వదులుకుని ఆ పళ్ళ అర్ధచంద్రం ఒక్కసారి తిరుగుతుంది. వేలు అడ్డం ఉంటే ఎముక దాకా పోతుంది. మా షాపులో నాకంటే పెద్దోడు ఒకడికి చూపుడు వేలు గోరు భాగం పోయింది, ఇదే పనిలో. మోటారు తీసేముందు ఆ అర్ధచంద్రానికీ, వెనక పలకకూ కలిపి ఒక బోల్టు బిగించెయ్యాలి. ఎదురెదురుగా రంధ్రాలుంటే సరే, లేకుంటే డ్రిల్లు పెట్టు. సీ క్లాంపు చాలు అనుకోకు, జారుతుంది. బ్యాటరీ వైరు కూడా ముందే తీసెయ్యి, నువ్వు లోపల చెయ్యి పెట్టినప్పుడు ఇంట్లో పిల్లోడు స్విచ్ నొక్కకుండా.

సరే, ఇవన్నీ చూసినాక కూడా మోటారే తప్పు అని తేలిందనుకుందాం. తేల్చేదెట్లా అంటే, మోటారు కనెక్టరు ఊడదీసి, బ్యాటరీ నుంచి లావాటి వైర్లు రెండు, మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజు, నేరుగా ఇవ్వు. చురుగ్గా తిరిగితే మోటారు బాగున్నట్టే, లోపం వైరింగులో ఉంది. మూలుగుతా తిరిగినా, తట్టితే తిరిగినా విప్పాలి. గుర్రుమని తిరుగుతుంది గానీ మిషన్ కదలకపోతే లోపలి ప్లాస్టిక్ గేరు పళ్ళు అరిగినాయి.

విప్పేముందు మోటారు డబ్బాకూ గేరు పెట్టెకూ కలిపి ఒక గీత గీసుకో, మళ్ళీ అట్లే కూర్చోవాలి. స్క్రూలు తీసి డబ్బాను నిటారుగా లాగు. లోపల అయస్కాంతాలు తిరిగే భాగమైన ఆర్మేచర్‌ను వదలవు, గట్టిగా పట్టుకుంటాయి. ఎంత రాకపోయినా సుత్తితో మాత్రం కొట్టొద్దు. అవి కాల్చిన పింగాణీ లాంటివి, డబ్బా మీద దెబ్బ పడితే లోపల చిట్లుతాయి. ఆర్మేచర్ కొసన చిన్న ఉక్కు గోళీ ఉండొచ్చు, ఆవగింజ కంటే కొంచెం పెద్దది. షాపులో ఇసుక నేల మీద నేనొకటి పోగొట్టుకుని, పాత స్పీకరు అయస్కాంతం తాడు కట్టి గంట సేపు నేలంతా ఈడ్చినాను. దొరికింది, దాంతోపాటు పోయిన ఏడాది స్క్రూలన్నీ దొరికినాయి. నువ్వు తెల్ల పంచె పరుచుకుని విప్పు.

లోపల కనిపించేది ఇదీ. రాగి పట్టీల చక్రం, అదే కమ్యూటేటర్, నల్లగా ఉంటుంది. దాని మీద సన్న వాటర్ పేపరు చుట్టి ఆర్మేచర్ తిప్పితే రాగి రంగు తేలుతుంది. అంతటితో ఆపకు. పట్టీల మధ్య సన్నటి గాడుల్లో బొగ్గు పొడి కూరుకుని ఉంటుంది, పళ్ళు కుట్టుకునే పుల్లతో ఒక్కొక్క గాడీ గీకు. ఆ పొడి పట్టీకీ పట్టీకీ కరెంటు దాటించి మోటారు బలం తినేస్తుంది. చాలా మోటార్లు ఈ ఒక్క పనితోనే లేచి కూర్చుంటాయి.

బ్రష్‌లు మూడో వంతుకు అరిగి ఉంటే మార్చాలి. ఇక్కడ ఒక మాట. హార్డ్‌వేర్ షాపులో మిక్సీ కార్బన్లు, డ్రిల్లు కార్బన్లు ఇస్తారు, అరగదీసి వేసుకో అంటారు. వద్దు. అవి 230 వోల్టులకు చేసినవి, పూర్తి బొగ్గు. 12 వోల్టుల మోటారు బ్రష్‌లో రాగి పొడి కలిసి ఉంటుంది, విరిచి చూస్తే ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. మిక్సీ కార్బన్ వేస్తే మోటారు తిరుగుతుంది గానీ అద్దం ఎత్తలేదు, ఉన్న కొద్ది వోల్టేజీ ఆ బొగ్గులోనే ఖర్చయిపోతుంది. బైకు సెల్ఫ్ మోటారు బ్రష్‌లు గానీ, వైపర్ మోటారువి గానీ తెచ్చి ఆకురాయి మీద సైజుకు దించుకోవడం మేలు. తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగులు బ్రష్‌లను ముందుకు తోసి ఆర్మేచర్‌ను దూరనివ్వవు. రెండు జెమ్ క్లిప్పులు వంచి బ్రష్‌లను వెనక్కి పట్టి ఉంచి, ఆర్మేచర్ లోపలికి పోయినాక లాగెయ్యి.

గేరు పెట్టెలో పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి పళ్ళకు దూరంగా పక్కన కూర్చుని ఉంటుంది. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడువు, థిన్నర్ పోయొద్దు, ప్లాస్టిక్ గేరు పాడవుతుంది. కొత్తగా తెల్ల లిథియం గ్రీజు, పళ్ళకు పట్టేంత. ఇరుసు బుష్‌లకు కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క. రెండో చుక్క వేసినావంటే అది బ్రష్‌ల దాకా పాకుతుంది.

వైండింగ్ మాడి ఘాటు వాసన వస్తుంటేనో, గేరు పళ్ళు పోయుంటేనో అప్పుడు మార్చే మాట. మాడిన ఆర్మేచర్ చుట్టిస్తాం అనే వాళ్ళున్నారు గానీ ఇంత చిన్నదాన్ని చుట్టించడం నేను మానేసినాను, నాకు ఎప్పుడూ నెల దాటి నిలవలేదు. పాత మోటారు, వీలైతే మిషన్ కూడా చేతిలో పట్టుకుని చెన్నై పుదుపేటకు పో, లేదంటే బెంగళూరు జేసీ రోడ్డుకు. ఫోన్‌లో "సియెర్రా మోటారు ఉందా" అని అడిగితే లేదంటారు. చేతిలో పెట్టి చూపిస్తే వేరే బండిది సరిపోయేది తీసిస్తారు. సరిపోల్చాల్సింది మూడు: బోల్టు రంధ్రాల ఎడం, చిన్న పళ్ళ చక్రం పళ్ళ లెక్క, ఆ పళ్ళ మందం. పళ్ళు ఒక్కటి తేడా ఉన్నా తీసుకోవద్దు, మిషన్ పళ్ళను కొరికేస్తుంది. తిరిగే దిక్కు తేడా అయితే భయం లేదు, రెండు వైర్లు అటు ఇటు మార్చితే సరి. కొనేముందు అక్కడే బ్యాటరీ పెట్టించి రెండు వైపులా తిప్పించుకో.

ఆ మార్కెట్ కిట్టు చెడ్డదని నేను అనను. హ్యాండిల్‌తో తిప్పే పాత బండికి బటన్ కావాలంటే అదే దారి. కానీ పుట్టుకతో పవర్ విండో ఉన్న తలుపుకు దాన్ని బిగించాలంటే లోపలి రేకుకు కొత్త రంధ్రాలు వేయాలి, అసలు మిషన్ పట్టుకునే చోట్లు పోతాయి, అద్దం ఒక పక్కకు ఒరిగి ఎక్కుతుంది. రేపు ఒరిజినల్ దొరికినా వెనక్కి రాలేవు. పైగా చానల్ బిగుసుకున్న తలుపుకు కొత్త కిట్టు వేస్తే అది కూడా ఏడాదికి ఇట్లే ఆగుతుంది.

రిలేలు, అంటే స్విచ్ బదులు మోటారు కరెంటును తామే కలిపే డబ్బాలు, పెట్టించమని ఇంకొకరు సలహా ఇచ్చినారన్నావు. ఇంజన్ ఆన్‌లో ఉండి, అద్దం ఎక్కుతుండగా మోటారు రెండు వైర్ల మధ్య మీటరు పెట్టు. 11.5 వోల్టుల పైన చూపిస్తే రిలేలు దండగ. స్విచ్, ఫ్యూజు, కీలు వైర్లు అన్నీ బాగు చేసినాక కూడా 10 కంటే తక్కువుంటే, తలుపుకు రెండు చొప్పున ఐదు కాళ్ళ రిలేలు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడిగా ఫ్యూజు. అప్పుడు స్విచ్ మీద మోత పోతుంది.

మూసేటప్పుడు రెండు పనులు మరవొద్దు. డోర్ ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటును చింపి పారేస్తారు చాలామంది మెకానిక్కులు. అద్దం పక్కనుంచి వాన నీళ్ళు తలుపు లోపలికి దిగడం మామూలే, ఆ షీటు వాటిని క్యాబిన్‌లోకి రానివ్వదు. చిరిగుంటే మందపాటి పాలిథిన్ కత్తిరించి అతికించు. ఇంక తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు, సన్నటి తీగతో పొడిచి చూడు. 2021 నవంబరు వానలప్పుడు తిరుపతిలో నీళ్ళలో నిలబడిన బండ్లు కొన్ని మా దగ్గరికి వచ్చినాయి. అడుగు రంధ్రాలు మట్టితో మూసుకుపోయి, తలుపు ఊపితే బిందెలాగా నీళ్ళు గలగలమన్నాయి. ఆ నీళ్ళలో మునిగిన మోటార్లు లోపల తుప్పు పట్టి కదల్లేదు. మీ బండి అప్పుడు ఎక్కడుందో నువ్వు రాయలేదు.

అద్దాలు బాగా ఎక్కడం మొదలైనాక ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్ళను ఒక కంట కనిపెట్టు. ఇప్పటి బండ్లలో కొన్నిటికి చెయ్యి అడ్డం వస్తే వెనక్కి తగ్గే ఏర్పాటు ఉంది. మీ సియెర్రా కాలం బండికి అది లేదు, చెయ్యో తలో తెలియకుండా నొక్కుకుంటా పోతుంది.

ముందు రాత్రి లైటు పరీక్ష చేసి రెండు వైపులా ఏం కనిపించిందో రాయి. ఎడమ తలుపు విప్పినప్పుడు మిషన్ ఫోటో ఒకటి, మోటారు పళ్ళ చక్రం దగ్గరి నుంచి ఒకటి పెట్టు. స్ప్రింగు ఉంటే బోల్టు ఎక్కడ వేయాలో గుర్తు పెట్టి చూపిస్తాను, అప్పటిదాకా మోటారు బోల్టులు ముట్టుకోకు.